గింజలు నానిన నీళ్లు

మొన్న కుప్పంలో మా చిన్నాన్న కూతురింటికి సీమంతానికి వెళ్తే, అరిటాకు ముక్కలో మురుకులు పెట్టారు. కొరకగానే నా నాలుక వెనక్కి ముడుచుకుంది. సిక్కు వాసన. నూనె పాతబడి, గాలి తగిలి, ఎండకు ఉడికి, జ్వరం మనిషి తలగడలాగా తయారైతే వచ్చే వాసనకు మా వైపు ఆ పేరు. ఇంటావిడ ఎదురుగా నిలబడి "బాగుండాయా అక్కా?" అని అడుగుతోంది. నేను అంగడివాళ్ల ఇంట్లో పుట్టిన మనిషిని, నచ్చని సరుకును మొహం మీద తిట్టకుండా పక్కకు నెట్టడం నాకు నడకతో పాటు వచ్చిన విద్య. "బ్రహ్మాండం, రెండు మా ఇంటికి కట్టియ్యి" అన్నాను. నోట్లోది చేతిరుమాల్లోకి పోయింది. కట్టిచ్చినవి బస్టాండులో కుక్కకు వేస్తే, అది వాసన చూసి, నన్ను కూడా కాసేపు చూసి, వెళ్లిపోయింది. నేను లొంగిపోయిన మర్యాదకు అది లొంగలేదు.

బస్సు ఎక్కి కూర్చున్నాక తెలిసింది, ఆ వాసన నాకు కొత్తది కాదని. నేను పుట్టి పెరిగింది అందులోనే. పుంగనూరు బజారువీధిలో మాది నూనె, పప్పులు, విత్తనాల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా తెర. ఆ తెరను ఎవరూ ఎప్పుడూ ఉతకలేదు. అది నూనె తాగి తాగి తోలులాగా అయింది, వేసవిలో ముట్టుకుంటే చేతికి అంటుకునేది. నూనె పీపాల అడుగున మడ్డి ఉండేది, ముదురు బెల్లప్పాకం రంగులో. అందులో ఈగలు, ఒకోసారి బల్లిపిల్ల. గరాటా అంచున ఎండిన నూనె మీద మళ్లీ నూనె కారి, దాని మీద దుమ్ము పడి, అది ఒక చెట్టు బెరడులాగా పెరిగేది. నా పుస్తకాల సంచి, నా జడ, నా రిబ్బన్లు, చివరికి నా నోటుపుస్తకాల అట్టలు కూడా ఆ వాసనే. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల "మీ ఇంట్లో రోజూ వడలా?" అని అడిగేది, ముక్కు కాస్త పక్కకు తిప్పి. అవునని చెప్పేదాన్ని. వడల ఇంటి పిల్లగా ఉండటం, మడ్డి ఇంటి పిల్లగా ఉండటం కంటే గౌరవం కదా.

మా ఇంట్లో నూనెకు చావు లేదు. అప్పడాలు వేయించిన నూనె మర్నాడు కూరకు వచ్చేది. కూరకు పనికిరానంత నల్లబడితే తాలింపుకు, ఆ తర్వాత దీపానికి, దీపం కూడా పొగచూరుతుంటే అవ్వ మోకాళ్లకు. అవ్వ వద్దన్నది బండి ఇరుసుకు. అవ్వకూ ఇరుసుకూ మధ్య ఎక్కువ దూరం ఉండేది కాదు. ఆమె మంచం దగ్గర నుంచి వెళ్తుంటే నేను ఊపిరి బిగపట్టేదాన్ని. ఆమె అది గమనించి, "రేపు నీకూ మోకాళ్లొస్తాయి లేమే" అనేది. వచ్చాయి. నేను మెడికల్ షాపు ఆయింటుమెంటు రాసుకుంటున్నాను, దాని కంపు వేరే.

మా నాయనకు తూకం మీద కంటే నాలుక మీద నమ్మకం ఎక్కువ. ఏ సరుకు వచ్చినా చిటికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. పప్పు కొరికేవాడు, బెల్లం నాకేవాడు, నూనె వేలితో ముంచి చీకేవాడు, వేపపిండి కూడా రుచి చూసేవాడు. ఆ వేలినే మళ్లీ పంచెకు తుడుచుకుని మరో సంచిలో పెట్టేవాడు. నాకు బేరం నేర్పింది ఆయనే. సరుకు బాగుంటే మొహం చిట్లించాలి, బాగా లేకపోతే నవ్వుతూ నడిచి వెళ్లిపోవాలి. ఆ లెక్కన నాయన మొహం చిట్లించిన చోటల్లా మంచి సరుకు ఉందని జిల్లాలో వ్యాపారులందరికీ తెలిసిపోయింది. ఆయనకు మాత్రం ఆ సంగతి చివరిదాకా తెలియలేదు.

ఒక ఏడు ఎండాకాలం చివర నాయన కుప్పం వెళ్లి ఒక వ్యాపారి దగ్గర విత్తనానికని చెనక్కాయ గింజలు కొన్నాడు. మామూలుగా విత్తనానికి తొక్కతో ఉన్న కాయలే కొనేవాడు. కాయలైతే గోతాలు ఎక్కువ, బండ్లు ఎక్కువ, వలిచే కూలి ఎక్కువ. వలిచిన గింజలైతే సగం చోటులో సర్దుకోవచ్చు. ఆ గింజల్ని చలికాలంలోనే వలిచి, ఎండాకాలమంతా రేకుల షెడ్డు కింద పెట్టారట. తొందరగా వలవడానికి కాయల మీద నీళ్లు చల్లి మెత్తబరిచారట కూడా. నాయన నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. తియ్యగా ఉన్నాయి. మొహం చిట్లించాడు, బేరం కుదిరింది. ఇంటికొచ్చి అమ్మతో గెలిచిన రాజులాగా చెప్పుకున్నాడు.

నేను అప్పుడు మదనపల్లెలో బీయెస్సీ చదువుతున్నాను. బోటనీ చెప్పే మేడమ్ ఆ నెలలోనే మాకు ప్రాక్టికల్స్‌లో ఒకటి చూపించింది. ఒక గాజుగ్లాసులో కొత్త బఠానీలు, ఇంకో గ్లాసులో ఎప్పటివో ముడతలు పడ్డ బఠానీలు నానబెట్టింది. కాసేపాగి ఆ నీళ్లలో రెండు తీగలు ముంచి మీటరుకు తగిలిస్తే, కొత్త గింజల నీళ్ల దగ్గర ముల్లు బద్ధకంగా కదిలింది, పాతవాటి దగ్గర ఎగిరి దూకింది. గింజలోని ఉప్పులు నీళ్లలోకి కారిపోయాయి కాబట్టి నీళ్లలో కరెంటు పారుతోంది అని చెప్పింది. ప్రతి కణం చుట్టూ పొర ఉంటుంది, ఆ పొర కొవ్వుతో చేసింది, కొవ్వుకు ఆక్సిజన్ తగిలితే చెడుతుంది, ఒక కొవ్వు అణువు చెడితే అది పక్కదాన్ని చెడగొడుతుంది, అది దాని పక్కదాన్ని. అలా చెడిన చోట పొర బిగుసుకుపోయి చిల్లులు పడుతుంది. ఎండిన గింజ నీళ్లు తాగేటప్పుడు మంచి పొర అయితే తన్ను తాను సర్దుకుని మూసుకుంటుంది. చెడిన పొర మూసుకోదు. లోపలి చక్కెర, ఉప్పు అన్నీ బయటికి, బయటి నీళ్లన్నీ లోపలికి.

క్లాసులో మిగతావాళ్లు బొమ్మ గీసుకుంటుంటే నాకు మా అంగడి గల్లాపెట్టె కనబడింది. పొర అంటే గల్లా దగ్గర కూర్చున్న మనిషి. ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఏది బయటికి పంపాలి, దేన్ని ఎంతసేపు బేరమాడి ఆపాలి, అన్నీ అతని చేతిలో ఉంటాయి. ఆ మనిషే కుళ్లిపోతే అంగడి ఉన్నట్టా లేనట్టా? ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మా ఇంటి తెర, మా గరాటా, అవ్వ మోకాళ్లు, నా జడ, వీటన్నిటి కంపూ ఇదే పని. కొవ్వును గాలి తినగా మిగిలిన ముక్కల వాసన. చిన్నప్పటి నుంచి నేను పీల్చింది ఒక పాఠం అని తెలిసినందుకు గర్వం కలగాలి. నాకు వాంతి వచ్చినట్టయింది.

తొలి వాన పడ్డ మర్నాడు సెలవులకని పుంగనూరు వచ్చాను. అంగట్లో మునెప్ప కూర్చుని ఉన్నాడు. సదుం దగ్గరి పల్లెలో ఎర్రమట్టి గడ్డన చేను, విత్తనం చాలకపోతే నాయన దగ్గరే తీసుకునేవాడు. అంతకుముందు ఏడు వాన మొహం చాటేసింది. విత్తనానికని దాచుకున్న కాయలు ఇంట్లోవాళ్లే తినేశారు. ఈసారి విత్తుకోలేకపోతే ఎద్దుల్ని సంతకు తోలి, పెళ్లాం పిల్లల్తో బెంగుళూరు పోయి మట్టి మొయ్యాలి. అది అతను బాధగా చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. "మట్టిలో పదును నాలుగు దినాలుంటాదేమో సెట్టీ. బిరీన తూకమెయ్యి, మడక కట్టి ఇత్తల్ల" అన్నాడు.

నాయన గోతాం విప్పాడు. గింజలు నున్నగా, ఎర్రగా ఉన్నాయి. కానీ చాలావాటికి పైతొక్క చిట్లి ఉంది. గోతాంలో చెయ్యి పెట్టి తీసి వాసన చూశాను. సిక్కు వాసన ఇంకా లేదు. దాని ముందు వచ్చే ఒక చప్పటి, పాత రంగుపెట్టె లాంటి వాసన ఉంది. నాయనకు అది తెలియదు, ఆయన ముక్కు అదే గాలిలో ముసలిదైంది.

"నాయనా, ఇవి నానబెట్టి సూద్దాం, మద్యాన్నం దాకా ఆగు" అన్నాను.

"యాల? నేను తిని సూసినా గదా, తేనె మాదిరి ఉండాయి."

"తినేదానికి కాదు గదా నాయనా, మొలిసేదానికి."

మునెప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తువ్వాలు పరుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. "మద్యాన్నం దాకా ఐతే ఆగతాలే. పాప సదువుకున్నింది, ఒక పూట దాని ముచ్చట" అన్నాడు.

మీటరు లేదు, తీగలు లేవు. రెండు స్టీలు గ్లాసులు ఉన్నాయి. ఒకదాంట్లో కుప్పం గింజలు వేశాను. ఇంకోదాంట్లో, అవ్వకు వేయించి పెట్టడానికని అమ్మ బుట్టలో దాచిన కాయలు అప్పటికప్పుడు వలిచి వేశాను. నీళ్లు పోసి వెనక మెట్టు మీద పెట్టాను. భోజనాలయ్యాక చూస్తే, అమ్మ కాయల గ్లాసులో నీళ్లు ఇంచుమించు నీళ్లలాగే ఉన్నాయి. కుప్పం గ్లాసులో కడుగునీళ్లలాగా మురికి పసుపు, పైన సన్నటి నురగ, వేలు పెడితే జిగురు. ఆ గ్లాసు చుట్టూ చీమలు. ఎక్కడి నుంచో బారుగా వచ్చి, అంచున ఒలికిన చుక్కల దగ్గర ముసిరి ఉన్నాయి. పక్క గ్లాసు దగ్గర ఒక్కటి కూడా ఆగలేదు. కాలేజీ మీటరు కంటే మా చీమలు శుభ్రంగా చెప్పాయి.

"యాడ, ఇట్లియ్యి" అని నాయన ఆ గ్లాసు ఎత్తాడు. వద్దనేలోపల ఒక గుటక వేశాడు. ఆ జిగురు, ఆ నురగ, అందులో మునిగిన రెండు చీమలతో సహా. ఆయన నాలుక చప్పరించి వెలిగిపోయాడు.

"తియ్యగుండాది గదమ్మీ! ఇంత తీపుండే గింజ సెడిపోయిందంటావా?"

జిల్లా అంతా తిరిగి అన్నీ రుచి చూసిన మనిషికి అదే వచ్చింది. తియ్యగా ఉంటే మంచి సరుకు.

"నాయనా, ఆ తీపి గింజలో ఉండల్ల. నీళ్లలోకి యాలొచ్చింది? మనంగట్లో బెల్లమంతా వీధిలో పడుందనుకో. వీధి తియ్యగుండాది, అంగడి బాగుండాదంటావా?"

మునెప్ప పెద్దగా నవ్వాడు, ఆ వెంటనే నవ్వు ఆపేశాడు. అర్థమైంది అతనికి. తన చేను సంగతి అని.

"అంటే ఇది మొలవదా పాపా?"

"వందకొకటి మొలుస్తాదేమో. మిగిలింది మట్టిలో నీళ్లు తాగి కుళ్లిపోతాది. తీపంతా బయటికొస్తే బూజుకీ చీమలకీ పండగ."

నాయన గ్లాసు కింద పెట్టాడు. "కాలేజీలో ఇదేనా నేర్పించేది? నాయనంగట్లో సరుకు కుళ్లిందని గిరాకీ ముందర సెప్పేది?" అన్నాడు. గొంతు పెంచలేదు. వ్యాపారంలో దెబ్బ తగిలితే ఆయన గొంతు తగ్గేది. ఆ తగ్గిన గొంతుతోనే బేరానికి దిగాడు. "మునెప్పా, ఒక పని సేద్దాం. ఒత్తుగా ఎయ్యి. ఒకటికి రెండేస్తే ఎట్లైనా సరిపోతాది. ఆ రెండోది నా లెక్కలో."

"సచ్చిపోయింది ఒకటికి రెండేస్తే రెండు పీనుగులు సెట్టీ" అన్నాడు మునెప్ప. "నాకు సేను కావల్ల, బొందలగడ్డ వొద్దు."

నాతో చదివే పార్వతి వాళ్లది కురబలకోట. గొర్రెలున్న ఇల్లు, చేను కూడా ఉంది. వాళ్లమ్మ కాయల్ని వలవకుండా తొక్కతోనే పెద్ద మట్టికుండల్లో పోసి, పైన వేపాకు, బూడిద వేసి మూసి పెడుతుందని పార్వతి ఒకసారి చెప్పింది. తొక్క గట్టిగా ఉంటే గాలి లోపలికి చొరబడదు, ఎండ తగలదు, గింజకు దాని పొర దానికి ఉంటుంది. నాయన ఆ మాట నా దగ్గర విని, కాయలకు బదులుకని బెల్లం, కందిపప్పు, ఒక డబ్బా నూనె మూటగట్టి, నన్నూ మునెప్పనూ బస్సెక్కించాడు. తాను రాలేదు. సిగ్గు.

పార్వతి వాళ్లమ్మ మొదట నూనె డబ్బా మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని, దూరంగా చెయ్యి చాచి, మూత వేసింది. "ఇది యాడిదమ్మా? గొర్రెకి పుండైతే పూసేదానికి బాగుంటాది" అంది. అది మేము ఇంట్లో తినే నూనె అని నేను చెప్పలేదు. బెల్లం, పప్పు ఉంచుకుంటానంది. ఎన్ని కాయలిస్తుంది అన్న దగ్గర నాలోని అంగడి నిద్ర లేచింది. మొహం చిట్లించాను. కాయ చిన్నదన్నాను, మట్టి ఎక్కువుందన్నాను, కుండ అడుగువి తడిసి ఉంటాయన్నాను. ఆమె ఒక్కో మాటకూ ఒక్కో కాయ పగలగొట్టి చూపించింది. ప్రతి గింజా బిగువుగా, పైతొక్క గులాబీ రంగులో, ఎక్కడా చిట్లకుండా ఉంది. నేను ఇంకా బేరంలోనే ఉన్నాను. బాగా సాగుతోంది అనుకుంటున్నాను.

మునెప్ప లేచి పంచె దులుపుకున్నాడు. "పాపా, నువ్వు బేరం గెలిసేలోపల నా పదును ఆరిపోతాది. నువ్వు గెలిసింది నేను యాడ ఇత్తేది, నీ నెత్తినా?"

పార్వతి వాళ్లమ్మ నవ్వి, తానే ఇంకో చేటెడు గోతాంలోకి దిమ్మరించింది. "తీసకపో అన్నా. ఆ పిల్లకి బేరం జబ్బుండాది, పాపం."

ఆ రాత్రి మా వెనక వాకిట్లో అందరం కాయలు వలిచాం. అమ్మ, అవ్వ, మునెప్ప, నేను. నీళ్లు చల్లవద్దని, నోటితో కొరకవద్దని, పైతొక్క చిట్లింది పక్కన పడెయ్యాలని నేను పెత్తనం చేశాను. బొటనవేళ్లు ఎర్రబడి పొంగాయి. నాయన అంగడి సగం తలుపు వేసి వచ్చి, మా మధ్య కూర్చుని వలవడం మొదలుపెట్టాడు. ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదని అమ్మ గమనించి నాకు సైగ చేసింది. అంతా అయ్యాక, గోతాం మూతి కట్టేటప్పుడు నోరు తెరిచాడు.

"మునెప్పా, ఒక్క సాలు నాకియ్యి. గట్టు పక్కది. నా కుప్పం గింజ ఏస్తా. నా మొగం కోసం."

మునెప్ప నావైపు చూశాడు. సాలు పోతే పోయింది అని తల ఊపాడు.

ఆ ఒక్క సాలుకు పోను మిగిలిన కుప్పం సరుకును నాయన గానుగకు ఇచ్చేశాడు. నూనె పీపాల్లో తిరిగొచ్చింది. నెల తిరిగేసరికి దాని అసలు రంగు బయటపడింది. గిరాకీకి అమ్మడానికి నాయనకు మనసొప్పలేదు, పారబోయడానికి అసలే ఒప్పలేదు. మిగిలింది మేమే. ఆ ఏడంతా మా ఇంట్లో పప్పుచారు సిక్కు, తాలింపు సిక్కు, దోసె సిక్కు. హాస్టల్‌కి అమ్మ పంపిన చెక్కలు నేను కిటికీలోంచి పారేస్తే మర్నాడు కాకులు కూడా వాటిని అలాగే వదిలేసి ఉన్నాయి. నాయన మాత్రం రోజూ తిని, చెయ్యి కడుక్కుని, "ఏమైంది దీనికి, బాగానే ఉండాదే" అనేవాడు. ఎవరూ అడగకపోయినా.

ఇప్పుడు మా ఇంట్లో ఆ వాసన లేదు. ప్యాకెట్ నూనెకు అసలు ఏ వాసనా లేదు. మంచిదో చెడ్డదో నా ముక్కుకు చెప్పే దారి లేదు. మూత తీసి చూడనివ్వరు, వేలు ముంచనివ్వరు, మొహం చిట్లించినా ధర తగ్గించరు. వీధి చివర బజ్జీల బండి మూకుట్లో నూనె తారులాగా నల్లబడి నురగ కక్కుతుంటే, చుట్టూ జనం పేపరు ముక్కలు పట్టుకుని నిలబడి ఉంటారు. మా ఇంటి కంపు కనీసం దాక్కునేది కాదు. దాన్ని చూసి మొహం తిప్పుకోవచ్చు, తిట్టొచ్చు, ఊపిరి బిగపట్టుకుని మంచం పక్కనుంచి పరిగెత్తవచ్చు. ఈ వయసులో నా ఒంట్లోనూ అదే పని జరుగుతోందని తెలుసు. నా పొరలూ కొవ్వుతో చేసినవే, వాటికీ గాలి తగులుతోంది. గల్లా దగ్గర మనిషి కునుకుతున్నాడు. అద్దం ముందు నిలబడి నా మొహం నేనే చిట్లించుకుంటాను. బేరం కుదరదు.

ఆ ఏడు విత్తిన వారం దాటాక మునెప్ప కబురు పంపాడు. నాయనా నేనూ సదుం బస్సు దిగి చేను దాకా నడిచాం. ఎర్రమట్టిలో సాలు వెంట సాలు చెనక్కాయ మొలకలు, మట్టిని తలతో నెట్టుకుని, ఆకులు ఇంకా జంటగా మడుచుకుని ఉన్నాయి. మునెప్ప ఎద్దులు గట్టు మీద మేస్తున్నాయి. గట్టు పక్క సాలు మాత్రం ఖాళీగా ఉంది. నాయన అక్కడ గొంతుక్కూర్చున్నాడు. వేలితో మట్టి తవ్వాడు. గింజ వేలికి మెత్తగా, చీములాగా అంటింది, పైన బూడిదరంగు బూజు. కంపు నాకు నిలబడ్డ చోటికి కొట్టింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఇంకొకటి తవ్వాడు, ఇంకొకటి. పంచె మట్టిలో ఈడుస్తూ సాలు వెంట కూర్చునే జరిగాడు. మునెప్ప పక్కనే నడిచాడు. సాలు చివరికి దగ్గరగా వచ్చాక నాయన ఆగాడు.

"మునెప్పా, ఇట్ల రా. ఒకటి వచ్చినాది."

వచ్చింది. ఒకే ఒకటి, పాలిపోయి, ఒక ఆకు వంకరపోయి, మట్టిలోంచి సగమే బయటికి.

మునెప్ప వంగి చూశాడు. "అది నీదే సెట్టీ" అన్నాడు. "కాపుకొచ్చినాక కబురు పంపిస్తా. బండి తెచ్చుకో."

నాయన నవ్వలేదు. చుట్టూ ఉన్న మట్టిపెళ్లల్ని చిదిపి, దాని మొదలు దగ్గర రెండు వేళ్లతో మెల్లగా అదిమాడు. ఆ తర్వాత కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.